పంజరంలో కూర్చున్న పెన్షనరు – మైకేల్ ఫారడే



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు కోరారు. ముప్పై నాలుగేళ్ళు ఆఫీసు నోట్లు రాసి, బిల్లులు, ఎరియర్లు లెక్క కట్టిన గుమాస్తాను నేను. సైన్సు నా సబ్జెక్టు కాదు. అయినా ఈసారి ఒక శాస్త్రవేత్తను ఎంచుకున్నాను. అందుకు కారణం ముందుగా మనవి చేసుకుంటాను.

నాలుగేళ్ళ క్రితం నాకు పేస్‌మేకర్ అమర్చారు. ఇంటికి పంపే రోజున డాక్టరు గారు ఇచ్చిన కాగితంలో మందుల పేర్ల కింద రెండు నిబంధనలు ఉన్నాయి. సెల్‌ఫోను చొక్కా జేబులో పెట్టుకోరాదు, ఆ పరికరానికి కనీసం ఆరంగుళాల దూరంలో ఉంచాలి. ఇండక్షన్ స్టవ్వు వెలుగుతున్నప్పుడు రెండడుగుల ఎడంగా ఉండాలి. మా ఇంట్లో పొద్దుటి కాఫీ ఆ స్టవ్వు మీదే, అది పెట్టేదీ నేనే. రూలు చూపిస్తే చాలదు, అది ఏ జి.వో. ప్రకారం వచ్చిందో తెలిస్తే గాని గుమాస్తాకు నిద్ర పట్టదు. ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలిని అడిగాను. ఆ స్టవ్వు దగ్గర నాకు అపాయం ఎందుకో కనిపెట్టినది ఫారడే అనే ఆయన అనీ, ఆ అపాయం నుంచి నా ఛాతీలోని పరికరాన్ని కాపాడే ఉపాయం చూపినదీ ఆయనే అనీ చెప్పింది. అప్పటినుంచి దొరికినంత వరకు ఆయన జీవితం చదివాను. చదివాక ఆయన మన సంఘం మనిషే అనిపించింది. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పుస్తకాలు కుట్టిన కుర్రవాడు

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ నగరానికి దక్షిణాన న్యూయింగ్టన్ బట్స్ అనే చోట జన్మించారు. తండ్రి జేమ్స్ కమ్మరి పని చేసేవారు, ఆరోగ్యం అంతంత మాత్రం. నలుగురు పిల్లల్లో ఈయన మూడోవారు. 1801లో ధరలు మండిపోయిన రోజుల్లో ఈ పిల్లవాడి వాటాకు వచ్చినది వారానికి ఒక్క రొట్టె. చదువు రాయడం, చదవడం, కూడికలు తీసివేతలతో ఆగిపోయింది.

1804లో జార్జి రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పత్రికలు ఇంటింటికీ ఇచ్చి వచ్చే కుర్రవాడుగా చేరారు. మరుసటి ఏడు రీబో గారు పైసా పుచ్చుకోకుండానే ఆయనను బైండింగు పనిలో శిష్యునిగా పెట్టుకున్నారు. ఏడేళ్ళు ఆ పని చేశారు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టి ఊరుకోకుండా విప్పి చదివేవారు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం, జేన్ మార్సెట్ అనే ఆవిడ రసాయన శాస్త్రం మీద రాసిన పుస్తకం ఆయనకు దారి చూపాయి. సాయంత్రం ఉపన్యాసాలు వినడానికి రుసుము షిల్లింగు అయితే అన్న రాబర్టు ఇచ్చేవారు.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగింటికి ఒక ఖాతాదారు దయవల్ల టిక్కెట్లు దొరికాయి. విన్నదంతా బొమ్మలతో సహా రాసి, తన చేత్తోనే బైండు చేసి డేవీ గారికి పంపారు. మనం ఉద్యోగానికి దరఖాస్తుతో సర్టిఫికెట్లు జత చేసినట్లు ఆయన ఆ పుస్తకం జత చేశారన్నమాట. 1813 మార్చి 1న ప్రయోగశాల సహాయకునిగా నియామకం వచ్చింది. వారానికి 25 షిల్లింగుల జీతం, ఉండటానికి పైన రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. ఆ సంస్థనే ఆయన దాదాపు జీవితాంతం అంటిపెట్టుకుని ఉన్నారు.

చేరిన రెండేళ్ళకే ఒక గొప్ప భద్రతా పరికరం తయారీలో ఆయన చెయ్యి పడింది. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గు గనిలో వాయువు అంటుకుని 92 మంది చనిపోయారు. దీపం లేనిదే గనిలో పని జరగదు, దీపం ఉంటే ప్రాణానికి ముప్పు. 1815లో డేవీ దీపం చుట్టూ సన్నని లోహపు జల్లెడ తొడిగితే మంట వేడిని ఆ జల్లెడ లాగేసుకుని బయటి వాయువును అంటుకోనివ్వదని కనిపెట్టారు. ఆ ప్రయోగాలలో ఫారడే చేసిన సాయాన్ని డేవీ స్వయంగా పేర్కొన్నారు. అపాయకరమైన వస్తువును మానలేకపోతే దాని చుట్టూ కంచె కట్టాలి అన్న పాఠం ఆయనకు ఇరవై నాలుగో ఏటనే అబ్బింది.

తాకకుండానే పాకే కరెంటు

1821లో శారా బర్నార్డ్ గారితో వివాహమైంది. వారికి సంతానం లేదు. అదే సంవత్సరం అయస్కాంతం చుట్టూ కరెంటు తీగ తిరిగేటట్లు చేసి చూపారు. మన ఫ్యానులు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు అన్నిటికీ మూలం అది.

అసలు మలుపు 1831 ఆగస్టు 29న వచ్చింది. ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రెండు తీగ చుట్టలు చుట్టారు. ఒకదానికొకటి ఎక్కడా తగలవు. మొదటి చుట్టకు బ్యాటరీ కలపగానే రెండో చుట్టకు కట్టిన సూది కదిలి మళ్ళీ మామూలు చోటికి వచ్చింది. బ్యాటరీ తీసేయగానే మళ్ళీ కదిలింది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ ఏమీ లేదు. మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు మాత్రమే, అంటే మార్పు జరిగిన క్షణంలో మాత్రమే, తాకని తీగలో కరెంటు పుడుతున్నది. జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

ఇక్కడే నా కాఫీ సంగతీ ఉంది. ఇండక్షన్ స్టవ్వు లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు వేలసార్లు దిశ మారుతుంది. తాకకుండానే పైనున్న గిన్నె అడుగులో కరెంటు పుట్టి గిన్నె వేడెక్కుతుంది. అయితే ఆ ప్రభావానికి ఇది గిన్నె, ఇది పేస్‌మేకర్ తీగ అన్న విచక్షణ లేదు. పేస్‌మేకర్ గుండె పంపే అతి స్వల్పమైన సంకేతాన్ని వింటూ, గుండె తడబడినప్పుడే తట్టి లేపుతుంది. బయటి శబ్దాన్ని గుండె చప్పుడని పొరబడితే తట్టవలసినప్పుడు తట్టకుండా ఊరుకోవచ్చు. రెండడుగుల ఎడం అందుకే.

1834లో మరో చిత్రం ఆయన దృష్టికి వచ్చింది. జెంకిన్ అనే యువకుడు ఒక చిన్న బ్యాటరీకి కట్టిన పెద్ద తీగ చుట్టను విడదీస్తుంటే చేతికి షాకు కొట్టింది. బ్యాటరీకి అంత బలం లేదు. ఫారడే దాన్ని పరిశీలించి, కరెంటును హఠాత్తుగా తెంచినప్పుడు తీగ చుట్టలోనే ఆ దెబ్బ పుడుతుందని తేల్చారు. మన వయసువారికి దీని అనుభవం బాగా ఉంది. రేడియోలో నాటకం వింటూ ఉంటే ఫ్యాను స్విచ్చి నొక్కగానే టక్కుమనేది. పక్కింటివారు మిక్సీ వేస్తే నాటకమంతా గరగరలో కలిసిపోయేది. టీవీలు వచ్చాక వీధిలో స్కూటరు పోతే తెర మీద చుక్కలు పడేవి. స్విచ్చిలో, మోటారు బ్రష్షులలో, స్కూటరు ప్లగ్గులో కరెంటు తెగి నిప్పురవ్వ పుట్టినప్పుడల్లా అది నాలుగు దిక్కులకూ పాకుతుంది. ఆ పాకేవి విద్యుదయస్కాంత తరంగాలని ఫారడే ఆలోచనల ఆధారంగా మాక్స్‌వెల్ 1865లో లెక్క కట్టారు. జర్మనీలో హెర్ట్జ్ 1888 నాటికి ప్రయోగం చేసి రుజువు చేశారు.

పింఛను తిరస్కరించిన వైనం

ఇప్పుడు మన సంఘానికి సంబంధించిన ఘట్టం. అప్పటికి ఫారడేకు తన సంస్థ ఇచ్చే జీతం ఏడాదికి 100 పౌండ్లు, పైన వసతి. కంపెనీలకు పరీక్షలు చేసిపెడితే అంతకు పది రెట్లు సంపాదించగలిగి కూడా పరిశోధనకు సమయం చాలదని ఆ పనులు వదులుకున్నారు. 1835లో ఆయనకు ప్రభుత్వ పింఛను ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. అంతలో మంత్రివర్గం మారింది. కొత్త ప్రధాని మెల్‌బోర్న్ ప్రభువు అక్టోబరు నెలాఖరులో ఆయనను పిలిపించి, పండితులకు, శాస్త్రజ్ఞులకు పింఛన్లివ్వడమంతా ఒక బూటకమన్న ధోరణిలో తేలికగా మాట్లాడారు. ఫారడే అక్కడ తగవు పెట్టుకోలేదు. ఇంటికి వచ్చి, ఆ రకమైన అభిప్రాయం ఉన్నవారి చేతి మీదుగా పింఛను పుచ్చుకోలేనని ఉత్తరం రాసి, ఆ సాయంత్రమే ప్రధాని ఇంట్లో ఇచ్చి వచ్చారు.

కమ్మరి కొడుకు ప్రధానమంత్రి పింఛను కాదన్నాడన్న వార్త లండన్‌లో పొక్కింది. మధ్యవర్తిగా ఒక పెద్దింటి మహిళ కల్పించుకున్నారు. చివరకు మెల్‌బోర్న్ లిఖిత పూర్వకంగా క్షమాపణ చెప్పుకున్నారు. అప్పుడు ఏడాదికి 300 పౌండ్ల పింఛను 1835 డిసెంబరు 24న మంజూరయింది. పింఛను దయాదాక్షిణ్యం కాదని మన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చినది 1982 డిసెంబరు 17న. ఆ తీర్పుకు నూట నలభై ఏడేళ్ళ ముందే, అదే డిసెంబరు నెలలో, ఒక్క మనిషి ఒంటరిగా ఆ మర్యాద సాధించుకున్నాడని తెలిసి నా ఒళ్ళు పులకరించింది.

పన్నెండడుగుల పంజరం

పింఛను చేతికందిన మనిషి విశ్రాంతి తీసుకున్నారా అంటే లేదు. నెల తిరక్కుండానే, 1836 జనవరిలో, ఆయన జీవితంలోకెల్లా విచిత్రమైన ప్రయోగం చేశారు. ఉపన్యాసశాలలో ఎటు చూసినా పన్నెండడుగులుండే చదరపు గది కట్టించారు. కొయ్య చట్రానికి రాగి తీగలు అల్లి, కాగితం అతికించి, తగరపు రేకు పట్టీలు చుట్టారు. నేలకు తగలకుండా నిలబెట్టి, పెద్ద విద్యుత్ యంత్రంతో దానికి కరెంటు ఎక్కించారు. పంజరం బయటి గోడల నుంచి నిప్పురవ్వలు చిటపటలాడుతుండగా ఫారడే వెలిగించిన కొవ్వొత్తులు, సున్నితమైన కొలత పరికరాలు పట్టుకుని లోపలికి వెళ్ళి కూర్చున్నారు. లోపల ఏ పరికరమూ చలించలేదు. విద్యుత్తంతా లోహపు బయటి ముఖం మీదే ఉండిపోయింది.

పంజరంలో కోడినో, కుందేలునో పెట్టి బయట నిలబడవచ్చును. అలా చేయలేదు. సురక్షితమని తాను నమ్మినచోట తానే కూర్చుని చూశారు. 1838లో షాకు కొట్టే ఈలు చేప లండన్‌కు వస్తే దానినీ స్వయంగా రెండు చేతులా పట్టుకున్నారు. ఒక చెయ్యి తల దగ్గర, ఒక చెయ్యి తోక దగ్గర ఉంటే షాకు అన్నిటికన్నా గట్టిగా తగులుతుందని, కరెంటుకు మన శరీరం దారిగా మారినప్పుడే దెబ్బ అని గ్రహించారు.

ఆ పంజరం పేరు ఈనాటికీ ఫారడే పంజరమే. పిడుగు పడినా రేకు కప్పున్న కారులో కూర్చున్నవారు బతకడం దాని చలవే. నా పేస్‌మేకర్ పైనున్న టైటానియం డొక్కు కూడా ఒక చిన్న ఫారడే పంజరమే. అయితే డొక్కులోంచి గుండెకు తీగ వెళ్ళాలి కదా. ఆ తీగ వెంట శబ్దం లోపలికి రాకుండా ద్వారం దగ్గర చిన్న చిన్న కెపాసిటర్లు కాపలా ఉంటాయట. కెపాసిటర్ల కొలతకు 1881లో పారిస్ మహాసభ ఖాయం చేసిన పేరు ఫారడ్. ఆ విధంగా ఆ మహానుభావుడి పంజరమూ పేరూ రెండూ నా ఛాతీలోనే ఉన్నాయి.

గనిలో బస్తా, మంచులో దీపస్తంభం

1836లోనే ఇంగ్లండు తీరంలోని దీపస్తంభాలను చూసే ట్రినిటీ హౌస్‌కు శాస్త్ర సలహాదారు అయ్యారు. 1844లో హాస్వెల్ బొగ్గు గని పేలి 95 మంది మరణిస్తే ప్రభుత్వం విచారణకు ఫారడేను, భూగర్భ శాస్త్రవేత్త లయల్‌ను పంపింది. గనిలో గాలి వేగం ఎలా కొలుస్తారని ఫారడే అడిగితే, వెంట వచ్చిన ఇనస్పెక్టరు చిటికెడు తుపాకి మందు కొవ్వొత్తి మంట మీదుగా జారవిడిచి పొగ ఎటు పోతున్నదో చూపాడు. అంత మందు ఎక్కడ నిలవ చేస్తారని ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఫారడే కూర్చున్న బస్తాలోనే! పక్కన కొవ్వొత్తులు వెలుగుతూనే ఉన్నాయి. ఆయన ఒక్క ఉదుటున లేచి ఆ అజాగ్రత్తకు గట్టిగా మందలించారు. రోజూ చేసే పనిలో అపాయం కంటికి ఆనదు. దానికి బయటినుంచి వచ్చి ప్రశ్నలు వేసే మనిషి కావాలి. గనిలో వాయువు చేరే మూలల నుంచి దాన్ని బయటికి లాగే ఏర్పాటు చేయమని వారు నివేదిక ఇచ్చారు. గని యజమానులు అది ఆచరణకు రాదన్నారు. భద్రతకు ఖర్చు అనేసరికి ఈ మాట ఏ దేశంలోనైనా వినబడేదే.

1858 డిసెంబరులో సౌత్ ఫోర్‌ల్యాండ్ దీపస్తంభంలో విద్యుద్దీపం పరీక్షకు పెట్టారు. దాని వెనుక ఉన్నది ఆయన 1831లో కనిపెట్టిన సూత్రమే. 1860 ఫిబ్రవరిలో తనిఖీకి వెళ్తే దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఒకసారి వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి, కంచెలు గోడలు ఎక్కి దిగుతూ పొలాలకడ్డంగా నడిచి చేరుకున్నారు. అప్పటికాయన వయసు 68. కాగితం మీద టూరు చూపి బిల్లు పెట్టుకునే రకం కాదు.

యాభై దాటకముందే ఆయనకు జ్ఞాపకశక్తి దెబ్బతిన్నది. 1840 తరువాత కొన్నేళ్ళు పరిశోధన మానుకోవలసి వచ్చింది. మరిచిపోతానన్న భయంతోనే కాబోలు అన్నీ రాసి పెట్టుకునేవారు. మన నోట్ ఫైల్లో పేరాలకు నంబర్లు వేసినట్లే ఆయన డైరీలో ప్రతి పేరాకూ వరుస నంబరు వేశారు. అవి 16,000 దాటాయి. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నారు. ఏ ఆవిష్కరణకూ పేటెంటు తీసుకోలేదు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఇల్లు ఇస్తామంటే మరమ్మతు ఖర్చు భరించగలనా అని వెనుకాడారు. రాణి ఆ ఖర్చు కూడా తామే భరించారు. ఆ ఇంట్లోనే 1867 ఆగస్టు 25న తన కుర్చీలో కూర్చుని ప్రశాంతంగా కన్నుమూశారు. ఆయన కోరినట్లే ఆడంబరం లేకుండా హైగేట్ శ్మశానవాటికలో సమాధి చేశారు.

మూడో రంధ్రం వెనుక

ఫారడే పోయాక విద్యుత్తు ఇంటింటికీ వచ్చింది, రేడియో వచ్చింది, దానితో పాటు గరగరా వచ్చింది. ఆ బెడదను అరికట్టడానికి ఏర్పడిన అంతర్జాతీయ కమిటీ 1934లో పారిస్‌లో మొదటిసారి సమావేశమైంది. ఇప్పుడు పరికరాలను రేకు గోడల గదుల్లో పెట్టి పరీక్షిస్తారు. ఆ గదులు కూడా ఫారడే పంజరాలే. మన పొరుగున చెన్నైలోని సమీర్ సంస్థలో ఇటువంటి పరీక్షలు జరుగుతాయి. అడిగే ప్రశ్నలు రెండు. ఈ పరికరం పక్కవాటిని బాధిస్తుందా? పక్కవాటి బాధకు ఇది ఓర్చుకుంటుందా? సెక్షనులో సాటి ఉద్యోగి గురించి సూపరింటెండెంటు వేసుకునే ప్రశ్నలు కూడా ఇవే. ఇక మనిషికి షాకు తగలకుండా చూసే పరీక్షలు వేరే ఉన్నాయి. తీగ తొడుగు ఎంత వోల్టేజికి ఆగుతుంది, ఎంత కరెంటు బయటికి కారుతున్నది, లోహపు భాగమంతా ఎర్తుకు కలిసి ఉన్నదా అని చూస్తారు. ఐ.ఎస్.ఐ. సంస్థ 1987లో బి.ఐ.ఎస్.గా మారినా మన వస్తువుల మీద ముద్ర మాత్రం ఐ.ఎస్.ఐ. పేరుతోనే ఉంది.

ముద్ర ఉంటే అయిపోయిందా? 2011లో మా స్నానాల గదిలో గీజరు పెట్టించాము. ముద్ర ఉన్నదే కొన్నాను. త్రీపిన్ ప్లగ్గు, మూడు రంధ్రాల సాకెట్టు, అంతా సవ్యంగా ఉందని సంతృప్తి పడ్డాను. ఒకరోజు పొద్దున్నే మా ఇంటావిడ తడి నేల మీద నిలబడి ఇత్తడి పంపు తిప్పింది. కేక విని పరుగెత్తాను. షాకు తనను విసిరి కొట్టడం వల్ల చెయ్యి పంపును వదిలింది. మణికట్టు విరిగింది, ప్రాణం దక్కింది. తరువాత వచ్చిన ఎలక్ట్రీషియను సాకెట్టు విప్పి చూపించాడు. మూడో రంధ్రం వెనుక తీగే లేదు. ఎర్తు పిన్ను పొడవుగా, లావుగా దర్జాగా లోపలికి వెళ్తున్నది, వెళ్ళి గాలిలో ఆగుతున్నది. గీజరులో కారిన కరెంటుకు ఎర్తు దారి లేక మా ఇంటావిడ శరీరమే దారి అయింది. ఫారడే తానే పంజరంలో కూర్చుని చూశారు. నేను ప్లగ్గును చూసి సరిపెట్టుకున్నాను. ఆమె చేతికి కట్టు చూసిన ప్రతిసారీ ఆ తేడా నన్ను పొడిచేది.

కావున సభ్యులకు నా మనవి. ఏటా మనం బతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము గదా, ఆ రోజుల్లోనే ఇంటి ఎర్తు కూడా బతికి ఉన్నదో లేదో తెలిసిన ఎలక్ట్రీషియనును పిలిచి, మీటరు పెట్టి చూపించుకోండి. సొంతంగా విప్పకండి. ఎండాకాలం ఎర్తు గొయ్యిలో నీళ్ళు పోయించండి. ఎం.సి.బి. తీగలను కాపాడుతుంది గాని మనిషిని కాపాడలేదు. 30 మిల్లీ ఆంపియర్లు కారగానే కరెంటు ఆపేసే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి మెయిన్ దగ్గర పెట్టించి, దాని మీద ఉన్న పరీక్ష మీట అప్పుడప్పుడు నొక్కి చూడండి. పేస్‌మేకర్ ఉన్నవారు ఫోను రెండో వైపు చెవికే పెట్టుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దుటి కాఫీ మా ఇంటావిడ పెడుతున్నది. నేను రెండడుగుల ఎడంగా కుర్చీ వేసుకుని ఫారడేకు ఒక నమస్కారం పెట్టుకుని గ్లాసు అందుకుంటున్నాను.